పని మొదలుకాక ముందు ఇచ్చే మాట: ప్రాజెక్టు చార్టర్ ఎలా రాసుకోవాలి

(ఆదివాసీ దినోత్సవం నాడు సంఘం యువజన విభాగం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 వచ్చిందంటే మనం భూమి గురించి మాట్లాడతాం. అడవి గురించి, చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతాం. ఈసారి యువజన విభాగం వాళ్లు మా హాస్టల్‌కి వచ్చి, “మేడమ్, ప్రాజెక్టు చార్టర్ అంటే ఏమిటో, ఎలా రాయాలో మీరే చెప్పాలి” అన్నారు. పండగ పూట కాగితాల గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మన సంఘం ఈ ఏడాది తలపెట్టిన పెద్ద పని, మన సవర పెద్దల పాటలను రికార్డు చేసి దాచుకోవడం, ఈ కాగితం దగ్గరే ఆగి ఉంది. ఆగడమే మంచిదయిందని మేము అనుకుంటున్నాం. ఎందుకో ముందు చెప్తాం.

మనం ఒకసారి చేసిన తప్పు

కొన్నేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఇదే పని ఒకసారి మొదలుపెట్టాం. అప్పుడు ఉత్సాహానికి లోటు లేదు. ఫ్లెక్సీ కట్టాం, కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం, వాట్సాప్ గ్రూపు పెట్టాం. గ్రూపులో అందరూ ఉన్నారు. బాధ్యత మాత్రం ఎవరిదో ఎవరికీ తెలియదు. హాస్టల్ వాళ్లు చూసుకుంటారని సంఘం అనుకుంది. సంఘం చూసుకుంటుందని మేము అనుకున్నాం. పిల్లలు ఎవరి ఫోన్‌లో వాళ్లు రికార్డు చేశారు. ఒక ఫోన్ వాగులో పడింది. ఇంకో ఫోన్‌లో మెమరీ నిండిపోతే ఆ అబ్బాయి పాటలు తీసేసి సినిమా పెట్టుకున్నాడు. వాడిని తిట్టడానికి కూడా మాకు నోరు రాలేదు. ఆ పాటలు తీయకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు మరి.

అంతటితో పోతే బాగుండేది. ఊళ్లో ఒక మామ్మ ఉండేది. పాత పాటలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. మన పిల్లలే కదా అని నమ్మి, చనిపోయినవాళ్లకు రాయి నాటే వేళ పాడే పాట కూడా పాడింది. మన కుర్రాళ్లలో ఒకరు దాన్ని వెనక బీట్ పెట్టి నెట్‌లో వేశారు. చెడు చేయాలని కాదు, మన పాట నలుగురికీ తెలియాలని. తీరా ఒక పెళ్లి ఊరేగింపులో డీజే మీద ఆ పాట మోగింది. మామ్మ మనవడు ఆ ఊరేగింపులోనే ఉన్నాడు.

ఆ తర్వాత మేము ఆవిడ ఇంటికి వెళ్లాం. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. “అది పాట కాదమ్మా, పిలుపు. ఊరికే పిలిస్తే వాళ్లు వచ్చి ఎక్కడ కూర్చుంటారు?” అంది. అంతే. మళ్లీ ఎవరు అడిగినా నోరు విప్పలేదు. రెండేళ్లకు ఆవిడ పోయింది. ఆవిడతో పాటు ఎన్ని పాటలు వెళ్లిపోయాయో లెక్క చెప్పగలవాళ్లు మనలో లేరు.

తప్పు ఆ కుర్రాడిదని చాలామంది అన్నారు. మేము అలా అనుకోవడం లేదు. ఏది రికార్డు చేయాలి, ఏది చేయకూడదు, చేసింది ఎవరి దగ్గర ఉండాలి, బయట పెట్టాలంటే ఎవరిని అడగాలి? ఈ నాలుగు ప్రశ్నలు పని మొదలుపెట్టేముందు మేము అడగలేదు. పెద్దవాళ్లం మేము, చదువుకున్నవాళ్లం మేము. తప్పు మాది.

ఈ ఏడాది మీరు మళ్లీ ఆ ఊరు వెళ్లారు. ఆ మామ్మ తమ్ముడు, తాత, ఇప్పుడు ఊళ్లో పాటలు తెలిసిన పెద్దవాళ్లలో ఒకరు. ఆయన మీతో ఏమన్నారో మీరే మాకు చెప్పారు: “పాడతాం. ముందు మాట చెప్పండి. పోయినసారి మాట లేకుండా మొదలెట్టారు.”

ఆయన బడికి వెళ్లలేదు. కానీ ప్రాజెక్టు చార్టర్ ఎందుకో ఒక్క ముక్కలో చెప్పారు. పని మొదలుకాక ముందు, ఆ పని మీద హక్కు ఉన్నవాళ్ల ఎదుట ఇచ్చిపుచ్చుకునే మాట అది. మనం దాన్ని కాగితం మీద పెడుతున్నాం.

చార్టర్ అంటే ఏది, ఏది కాదు

మనలో విశాఖలో, హైదరాబాద్‌లో కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ పనుల నిర్వహణ మీద ఒక మార్గదర్శి పుస్తకం వేసింది. దాన్ని పిఎంబాక్ అంటారు. చార్టర్ గురించి అందులో చెప్పిన సంగతి మన మాటల్లో ఇది: పనిని మొదలుపెట్టించే వ్యక్తి లేదా ఆ పనికి అండగా నిలిచే వ్యక్తి ఇచ్చే పత్రం చార్టర్. అది రెండు పనులు చేస్తుంది. ఈ ప్రాజెక్టు ఉంది అని అధికారికంగా చెప్తుంది. దాన్ని నడిపే మనిషికి డబ్బు, మనుషులు, వస్తువులు వాడుకునే అధికారం ఇస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ముసాయిదా ఎవరైనా రాయవచ్చు. కానీ చార్టర్ ఇచ్చేది పని చేసేవాడు కాదు, అధికారం ఉన్నవాడు. మనకు మనమే అనుమతి రాసుకుంటే అది చార్టర్ కాదు. మా హాస్టల్లో బియ్యం, పప్పు కావాలంటే జీసీసీకి ఇండెంట్ పెడతాం. ఇండెంట్ మేమే రాస్తాం. కానీ పైనుంచి మంజూరు కానిదే గోడౌన్ తలుపు తెరుచుకోదు. అలాంటిదే ఇదీ.

చార్టర్‌ని వేరే కాగితాలతో కలిపేయకండి. సొసైటీల రిజిస్ట్రేషన్ కోసం ఇచ్చే నియమావళి సంఘం బతికున్నంత కాలం ఉంటుంది. చార్టర్ ఒక్క పనికి, అదీ మొదలూ చివరా ఉన్న పనికి. అర్జీలో మనం అడుగుతాం. చార్టర్ ఆ అడిగినదానికి వచ్చే జవాబు. మీటింగు తీర్మానంలో “పాటలు రికార్డు చేయాలని నిర్ణయించడమైనది” అని ఉంటుంది కానీ, ఎవరు, ఎంతవరకు అన్నది ఉండదు. ఏ ఆదివారం ఏ ఊరికి ఎవరు వెళ్లాలన్నది ప్రణాళిక. అది చార్టర్ తర్వాత వస్తుంది, మధ్యలో పదిసార్లు మారుతుంది. చార్టర్ అంత తేలిగ్గా మారకూడదు.

ఒక్కో భాగం చూద్దాం

మన ముసాయిదా రెండు పేజీలే. అంతకు మించకూడదు. దాన్ని ముందు పెట్టుకుని వరసగా చెప్తాం. మీరు రేపు ఇంకో పనికి, ఊరి లైబ్రరీకో విత్తనాల నిల్వకో, రాసుకున్నా ఇవే భాగాలు పనికొస్తాయి.

మొదటిది, ఎందుకు. రెండు మూడు వాక్యాలు చాలు. మీరు మొదట తెచ్చిన కాగితంలో “అంతరించిపోతున్న మన మహోన్నత సంస్కృతిని పరిరక్షించి భావితరాలకు అందించుట” అని ఉంది. అది ఫ్లెక్సీ మీద బాగుంటుంది. ఇప్పుడు ఇలా మార్చాం: “మా మూడు ఊళ్లలో పాత పాటలు పూర్తిగా తెలిసినవాళ్లందరూ పెద్ద వయసువాళ్లే. వాళ్ల పిల్లలకు మొదటి రెండు చరణాలు వచ్చు, మిగతావి రావు. పాడగలవాళ్లు ఉండగానే, వాళ్లు ఒప్పుకున్నంత మేరకు పాటలు రికార్డు చేసి ఊరికే అప్పగించాలి.” చదవగానే ఇబ్బంది ఏమిటో, ఎవరికో తెలియాలి.

రెండోది, లక్ష్యం. బీఈడీలో మాకు పాఠ్యపథకం రాయడం నేర్పారు. లక్ష్యం రాశాక దాని కింద స్పష్టీకరణలు రాయాలి. “విద్యార్థి తెలుసుకుంటాడు” అని రాస్తే మా మాస్టారు ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. “తెలుసుకున్నాడని నీకెలా తెలుస్తుంది? చెప్తాడా, రాస్తాడా, బొమ్మ గీస్తాడా?” అని అడిగేవారు. చార్టర్‌కీ అదే ఎర్ర పెన్ను కావాలి. కాపాడటం అంటే ఏమిటి? మన ముసాయిదాలో ఇలా ఉంది: 3 ఊళ్లు, 40 పాటలు. ప్రతి పాటకూ శబ్దం, సవర మాటలు, తెలుగులో భావం, పాడినవారి పేరు, ఏ సందర్భంలో పాడతారన్న వివరం. ఏప్రిల్ 30 లోపు పూర్తి. పూర్తయిందని చెప్పాల్సింది మనం కాదు. పాడినవాళ్లకే వినిపించాలి, వాళ్లు “సరిగ్గా ఉంది” అనాలి. అప్పుడే ఆ పాట లెక్కలోకి వస్తుంది.

మూడోది, హద్దు. మా దృష్టిలో చార్టర్‌కి గుండె ఇదే. ఏం చేస్తామో అందరూ రాస్తారు. ఏం చేయమో రాసేవాళ్లు తక్కువ. పోయినసారి మనల్ని దెబ్బతీసింది ఈ భాగం లేకపోవడమే. అందుకే పాటలను మూడు రకాలు చేశాం. అందరూ వినదగ్గవి ఒకటి. ఊరివాళ్లు మాత్రమే వినవలసినవి రెండు. అసలు రికార్డు చేయకూడనివి మూడు. ఏ పాట ఏ రకమో చెప్పేది పాడేవాళ్లూ, బుయ్యలూ. మనం కాదు. ఇంకో వాక్యం కూడా ఉంది: “ఏ పాటనూ నెట్‌లో పెట్టడం ఈ ప్రాజెక్టులో భాగం కాదు.” తర్వాత ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే అది వేరే పని, దానికి వేరే మాట తీసుకోవాలి.

హద్దు దగ్గరే మీ మధ్య గొడవ వచ్చింది కదా, ఏ లిపిలో రాయాలని. ఆ గొడవ మంచిదే. మంగై గొమాంగో 1936లో మన భాష కోసం సొరంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశారు. అది మన గౌరవం. అయితే ఈ ఊళ్లలో పాటలు చదవాల్సిన పిల్లలు బడిలో నేర్చుకున్నది తెలుగు లిపి. కాబట్టి ఈ 40 పాటలూ తెలుగు లిపిలో రాస్తాం, సొరంగ్ సొంపెంగ్‌లోకి మార్చడం ఈ ప్రాజెక్టు తర్వాత చేయాల్సిన పని అని రాసుకున్నాం. ఎవరి కోరికనూ కాదనలేదు. ఏది ఇప్పుడు, ఏది తర్వాత అని తేల్చుకున్నాం. మార్చి నెలలో, సగం పని అయ్యాక ఈ గొడవ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

నాలుగోది, మాట ఇచ్చే పెద్దలు. కంపెనీల్లో వీళ్లను స్పాన్సర్ అంటారు. మన దగ్గర స్పాన్సర్ అంటే టీషర్టులు ఇచ్చేవాళ్లు అనుకుంటాం. ఇక్కడ అది కాదు. పనికి అండగా నిలబడి, ఆపమంటే ఆపించగలిగే అధికారం ఉన్నవాళ్లు. మీరు మా పేరు రాశారు. మేము కొట్టేశాం. ఒకటి, ఆ పాటలు మావి కాదు, హాస్టల్‌వి అంతకన్నా కాదు. రెండు, మాకు రేపు బదిలీ ఆర్డర్ వస్తే ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లిపోతాం. పని మాతోపాటు వెళ్లిపోకూడదు. మరి ఎవరు? పాటలు ఊరివి. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని నాలుగో సెక్షన్‌లో చెప్పింది. షెడ్యూల్‌లో చేరని సవర ఊళ్లూ చాలా ఉన్నాయి. అక్కడ ఆ చట్టం వర్తించకపోయినా ఊరి పాట ఊరిదే. అందుకే మూడు ఊళ్ల గొమాంగోలూ, బుయ్యలూ, పాడే ఆడవాళ్ల తరఫున ఒక్కో ఊరి నుంచి ఒకరూ సంతకం చేస్తారు. ఆడవాళ్లు ఎందుకని ఎవరో అడిగారు. పోయినసారి మనం నొప్పించింది ఎవరినో గుర్తుచేసుకుంటే ఆ ప్రశ్న రాదు.

అయిదోది, నడిపే మనిషి. ఒక్కరే ఉండాలి. “కమిటీ” అని రాయకండి. కమిటీకి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? ఈసారి మీలోనే డిగ్రీ పూర్తిచేసిన ఒక చెల్లెల్ని ఎన్నుకున్నారు. సంతోషం. కానీ పేరు రాసి వదిలేస్తే ఆ పిల్ల మీద బరువు వేసినట్టే కానీ బలం ఇచ్చినట్టు కాదు. ఆమెకు ఏ అధికారం ఉందో రాయాలి. 2,000 రూపాయల వరకు ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టవచ్చు, బిల్లు మాత్రం ఉండాలి. ఏ ఊరికి ఎవరు వెళ్లాలో ఆమే చెప్తుంది. నియమం తప్పినవాళ్లను పని నుంచి తప్పించవచ్చు, వాళ్లు సంఘం అధ్యక్షుడి కొడుకైనా సరే. ఆమెకు లేని అధికారం కూడా రాయాలి. ఒక్క పాట కూడా బయటివాళ్లకు ఇవ్వలేదు. ఎవరైనా పెద్ద మనిషి వచ్చి, “కాపీ ఇవ్వమ్మా, ఏం పోతుంది” అంటే, “నాకు అధికారం లేదండి, ఇదిగో రాసి ఉంది” అని చూపించవచ్చు. అధికారం లేదని రాసి ఉండటం కూడా ఆడపిల్లకు ఒక రక్షణే.

ఆరోది, డబ్బు. మనవాళ్లు డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడతారు. తర్వాత దాని మీదే తగాదా పడతారు. మన లెక్క ఇది: కంప్యూటర్‌కు తగిలించే హార్డ్ డిస్కులు రెండు, 9,000. రికార్డు చేసే పరికరం, మైకు కలిపి 4,000. జీపు, ఆటో చార్జీలు 3,000. పాడినవాళ్లకు పాటకు 200 చొప్పున 40 పాటలకు 8,000. అనుకోని ఖర్చుకు 2,000. మొత్తం 26,000. ఇది సంఘం నిధి నుంచి వస్తుంది. పాడినవాళ్లకు డబ్బు ఎందుకు, ఊరివాళ్లే కదా అన్నారు కొందరు. ఒక పూట చీపుర్లు కట్టడం మానుకుని, జీడితోట పని మానుకుని మన ముందు కూర్చుంటారు. ఆ పూట కూలి పోతుంది కదా. ఇది పాటకు వెల కాదు, పోయిన పూటకు గౌరవం. చార్టర్‌లో ఆ మాటలే రాశాం.

ఏడోది, గడువు. మన కేలెండర్ చూసి పెట్టుకోవాలి, గోడకి తగిలించిన కేలెండర్ చూసి కాదు. వానాకాలం పొలం పనుల్లో పెద్దలకు తీరిక ఉండదు. మార్చిలో పిల్లలకు పరీక్షలు. అందుకే ఊళ్లకు వెళ్లేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే. కందికొత్తల పండగ రోజుల్లో రికార్డింగు పెట్టుకోవడం లేదు. పండగ పూట పాడేవాళ్లను పాడుకోనివ్వాలి. మార్చిలో రాత పని, పరీక్షలు రాయని పెద్దవాళ్లు చేస్తారు. ఏప్రిల్‌లో పాడినవాళ్లకు వినిపించడం, తప్పులు దిద్దడం, అప్పగించడం.

ఎనిమిదోది, భయాలు. కీడెంచి మేలెంచమన్నారు. ఏం చెడవచ్చో ముందే రాసుకుని, పక్కన ఏం చేస్తామో రాయాలి. ఫోన్ పోవచ్చు. అందుకే అదే రోజు రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఫోన్‌లోది తీసేయాలి. ఒక డిస్కు సంఘం బీరువాలో, ఇంకోటి వేరే చోట ఉండాలి. పాడినవాళ్లు తర్వాత మనసు మార్చుకోవచ్చు. అది వాళ్ల హక్కు, అడిగిన వారంలోపు పాట తీసేయాలి. హాస్టల్ పిల్లలు వస్తామంటారు. వార్డెన్లుగా మా షరతు ఇది: తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి, వెంట పెద్దవాళ్లు ఉండాలి, చీకటి పడకముందే హాజరుకు అందాలి. పదో తరగతి పిల్లలు రారు. పాటలు ఎంత ముఖ్యమైనా పిల్లలు మాకు తల్లిదండ్రులు అప్పగించిన బిడ్డలు.

తొమ్మిదోది, ఎప్పుడు ఆపాలి. ఇది రాయాలంటే అందరూ జంకుతారు, అపశకునం అంటారు. కానీ మూడు ఊళ్లలో ఏ ఊరి పెద్దలైనా ఆపమంటే ఆ ఊళ్లో పని ఆ రోజే ఆగుతుంది, కారణం అడగం అని రాశాం. ఒప్పుకోని పాట ఒక్కటి బయటికి వచ్చినా మొత్తం పని ఆపి, మూడు ఊళ్ల పెద్దల ముందు కూర్చుంటాం. ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు తాత తల ఊపారట. అంతకుముందు ఎనిమిది భాగాలు విని కూడా ఆయన ఏమీ అనలేదట.

పదోది, సంతకాలు. పేరు, ఊరు, తేదీ. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. ఆ ముద్ర మన సంతకాల కంటే తక్కువది కాదు. ప్రతులు అయిదు చేయండి. ఒకటి సంఘం ఫైల్లో, ఒకటి నడిపే మనిషి దగ్గర, మూడు ఊళ్లలో ఒక్కోటి. ఊరి ప్రతి ఊళ్లో ఉంటేనే రేపు మనల్ని నిలదీయడానికి వాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

రాసేటప్పుడు జరిగే పొరపాట్లు

నెట్‌లో దొరికిన నమూనాకి పేర్లు మార్చి తేవడం మొదటి పొరపాటు. నమూనాలో ఏ గళ్లు ఉన్నాయో చూడండి, అందులోది మాత్రం మీరే నింపండి. ఒక్కరే రాత్రికి రాత్రి రాసి తేవడం రెండోది. రాత ఒక్కరిది కావచ్చు, మాటలు అందరివీ కావాలి. ఎవరైనా ఒప్పుకోకపోతే అక్కడే ఆగి మాట్లాడుకోండి. సంతకానికి ముందు వచ్చే గొడవ ఒక సాయంత్రంతో పోతుంది. తర్వాత వచ్చేది ఏళ్ల తరబడి ఉంటుంది.

మూడోది, పెద్దలకు రాని భాషలో రాయడం. తెలుగులో రాసినా సరే, సంతకానికి ముందు మొదటి నుంచి చివరి వరకు సవరలో చదివి చెప్పాలి. చదివేటప్పుడు ఏదైనా వాక్యం సవరలో చెప్పలేకపోతే ఆ వాక్యం మనకే అర్థం కాలేదన్నమాట. దాన్ని తిరిగి రాయాలి. మేము ప్రయత్నించి చూశాం. రెండు పేజీల్లో ఆరు వాక్యాలు అలా దొరికాయి.

నాలుగోది, సంతకాలయ్యాక బీరువాలో పెట్టి మర్చిపోవడం. నెలకోసారి తీసి చదవండి. ఏదైనా మార్చాల్సి వస్తే, ఇంకో ఊరు కలపాలన్నా, గడువు పెంచాలన్నా, డబ్బు పెరిగినా, సంతకం చేసిన వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లాలి. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టారు కదా అంటే కుదరదు.

చివరిగా

మన భాషను మొదట పట్టించుకుని పుస్తకాలు చేసినవారిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఒకరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఎవరో బయటివారు ప్రేమతో చేసిన పని అది, మనం రుణపడి ఉన్నాం. ఆయనకు మాటలు చెప్పిన మన సవరవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఇప్పుడు అడిగేదీ మనమే, చెప్పేదీ మనమే. కాబట్టి పాడినవాళ్ల పేరు, వాళ్లు పెట్టిన షరతు మొదటి కాగితం మీదే ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దం అంది. దశాబ్దాలు వస్తాయి, పోతాయి. మనకు కావలసింది ఒక చలికాలం సరిగ్గా చేసిన పని.

ఈ ఆగస్టు 29న గిడుగు వారి జయంతి. ఆ రోజు సాయంత్రం తాత ఊళ్లో, చింతచెట్టు కింద, చార్టర్ సవరలో చదువుతారు. ఫ్లెక్సీ వద్దు. మైకు వద్దు. పని మొదలైన రోజు అదే. మొదటి పాట రికార్డయిన రోజు కాదు.

అక్కడికి మేము కూడా వస్తాం. సంతకం పెట్టడానికి కాదు. చదివిన తర్వాత అక్కడ మేము చెప్పాల్సిన మాట ఒకటి మిగిలి ఉంది. ఆ మామ్మ ఇంటివాళ్లకు, పోయినసారి జరిగిన దానికి హాస్టల్ తరఫున, సంఘం తరఫున క్షమాపణ చెప్పాలి. అప్పట్లో ఆవిడ ఇంటి గుమ్మం దాకా వెళ్లి కూడా ఆ మాట నోట రాలేదు. ఈసారి దాన్ని కూడా కాగితం మీద రాసి, ముసాయిదా మొదటి పేజీలో పైన పెట్టాం. “ఎందుకు” అన్న భాగానికంటే ముందు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాబోయే ఏళ్లలో మీరు చాలా పనులు తలపెడతారు. ప్రతిదానికీ ముందు రెండు పేజీలు రాయండి, హక్కున్నవాళ్ల ఎదుట చదవండి, వాళ్లు ఒప్పుకున్నాకే చెయ్యి వేయండి.